మా చెల్లి పేరంటాలైన వైనం

నేను జువాలజీ పాఠాలు చెప్పి బతికినదాన్ని. రాజమండ్రిలో ఇంటర్ పిల్లలకి జీవ పరిణామం పాఠం మొదలుపెట్టగానే ప్రతి బ్యాచ్‌లోనూ వెనక బెంచీవాడొకడు లేచి అడిగేవాడు. "మేడం, మరి దేవుడెప్పుడు పుట్టాడండీ?" మిగతావాళ్ళు కిసుక్కున నవ్వేవారు. వాడికి కావలసింది జవాబు కాదు, పీరియడ్ గడిచిపోవడం. ఆ సంగతి నాకు తెలియదా? తెలిసినా చెప్పేదాన్ని.

చేనుగట్టు మీద తాడు చూసి పామనుకుని ఎగిరి గంతేసినవాడికి పోయేదేమీ లేదు, నలుగురూ నవ్వుతారు, అంతే. పామును చూసి తాడనుకున్నవాడు మాత్రం మనకు ముత్తాత కాలేకపోయాడు. బతికి బట్టకట్టి పిల్లల్ని కన్నది ఆ గంతేసినవాళ్ళే. వాళ్ళ సంతానం కాబట్టే మనకు ఆకు కదిలితే ఎవరో కదిపారనిపిస్తుంది, ఉరిమితే ఎవరికో కోపం వచ్చిందనిపిస్తుంది. అలా అనుకోగా అనుకోగా దేవుడు తయారయ్యాడు. ఒకే దేవుడికి దణ్ణం పెట్టేవాళ్ళు ఒకరినొకరు నమ్మారు, ఒకరికొకరు సాయంపడ్డారు, ఆ గుంపులు నిలిచాయి. ఇదీ నేను చెప్పే ముక్క. పరీక్షలో రాదు కాబట్టి ఎవడూ రాసుకునేవాడు కాదు.

ఆ ముక్క తప్పని ఇప్పటికీ అనను. కానీ ఒక దేవత పుట్టడం నేను కళ్ళారా చూశాను. ఎక్కడో కాదు, మా చేలోనే. ఆ పుట్టుకలో పామూ లేదు, ఉరుమూ లేదు. ఎవరూ దేనికీ భయపడలేదు. ఆ సంగతి క్లాసులో చెబుదామని చాలాసార్లు అనుకుని మానుకున్నాను. ఆ దేవత మా చెల్లి.

మా ఊరు సామర్లకోట నుంచి కాలవగట్టు పట్టుకుని దిగువకి వస్తే తగులుతుంది. మా నాన్నకి కాస్త మాగాణి, ఒక మోటారు షెడ్డు, ఊళ్ళో ఇంకెవరికీ లేని ఒక బిరుదు ఉండేవి. 'నాస్తికుడు గారు' అనేవారు ఆయన్ని, ఎదురుగానే. కుర్రతనంలో ఎర్రజెండా మీటింగులకి తిరిగాడు. ఆ జెండా ఎప్పుడో వదిలేశాడు గానీ, గుడి మెట్టు ఎక్కనన్న పట్టు మాత్రం వదల్లేదు. నాయనమ్మ పోయినప్పుడు గుండు చేయించుకోనని మొండికేశాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మేనత్తలు ఆయన్ని దుమ్మెత్తిపోశారు. మా అమ్మ దీనికి సరిగ్గా ఎదురు. వంటింటి గూట్లో ఆవిడకి లేని దేవుడు లేడు. ఆయన పేపరు చదువుకుంటుంటే హారతి పళ్ళెం కావాలని ఆయన ముక్కు ముందునుంచే తీసుకెళ్ళేది. "అబ్బ, పొగ" అని ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. వాళ్ళ కాపురం అలాగే బాగానే సాగింది.

మాకిద్దరికీ నాన్న నేర్పింది ఒక్కటే. ఎవరింట్లోనో దయ్యం తిరుగుతోందట అని పరిగెత్తుకొస్తే, తల కూడా ఎత్తకుండా "చూసినవాణ్ణి తీసుకురా" అనేవాడు. నేనూ చెల్లీ నిజంగానే వెతకడానికి బయల్దేరేవాళ్ళం. ఎవర్నడిగినా నేను చూళ్ళేదు, ఫలానావాడు చూశాడనేవాడు. ఆ ఫలానావాడు ఎప్పుడూ పక్కూళ్ళోనే ఉండేవాడు. సాయంత్రానికి కాళ్ళు పీకి ఇంటికొస్తే నాన్న నవ్వేవాడు.

దేవత అయ్యే లక్షణాలు మా చెల్లిలో ఒక్కటంటే ఒక్కటి లేవు. నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. చేలో పనికొచ్చిన ఆడవాళ్ళతో సరదాగా తిట్లకి దిగి, వాళ్ళ తిట్లు వాళ్ళకే నేర్పి పంపించేది. పసుపు రంగు బట్టంటే దానికి ఒళ్ళుమంట. తీపి ముట్టదు. పండగ పూట పరమాన్నం వడ్డిస్తే కంచం జరిపేసి మిరపకాయ బజ్జీ ఏదనేది. నాకంటే ఐదేళ్ళు చిన్నదై ఉండి నాకు బుద్ధులు చెప్పేది. "అక్కా, నీ మొహం చూస్తే పాలు విరిగిపోతాయే, కాస్త నవ్వవే" అనేది. నిజం చెప్పొద్దూ, నాన్నకి నాకంటే అదంటేనే ఇష్టం. నాక్కూడా నాకంటే అదంటేనే ఇష్టం.

మండపేటలో ఎరువుల కొట్టున్న అబ్బాయికిచ్చి పెళ్ళి చేశారు. తొంభైల మొదట్లో మొదటి కాన్పుకి పుట్టింటికొచ్చింది. ఏడో నెల దాటింది. అప్పుడు దాని కళ్ళు పచ్చబడ్డాయి.

పచ్చకామెర్లకి డాక్టర్ల దగ్గర మందు లేదు, పసరే మందు అని మా వైపు ఎమ్మెస్సీలు చదివినవాళ్ళు కూడా అంటారు. కాలవకి అవతలి ఊళ్ళో ఒకాయన ఆదివారం ఆదివారం పసరు పోసేవాడు. పరగడుపున తెల్లవారకుండా వెళ్ళాలి, ఏవో ఆకులు నూరి మజ్జిగలో కలిపి తాగిస్తాడు, తర్వాత ఉప్పూ నూనే లేకుండా పథ్యం. మూడు వారాలు మూడు మోతాదులు. పైసా తీసుకోడు. నాన్నకి ఆ పసరు మీద మహా గురి. "మంత్రం లేదు, తాయెత్తు లేదు. ఆకు. ఆకులో గుణముంటుంది. డబ్బు పుచ్చుకోనివాడు మోసమెందుకు చేస్తాడు?" అన్నాడు. గుడిని నమ్మనివాడు ఆకును నమ్మాడు. మా వైపు నాస్తికులు అంతవరకే నాస్తికులు. మామూలు మనిషికైతే ఆ కామెర్లు వాటంతటవే తగ్గేవి, పేరు పసరుకొచ్చేది. కడుపుతో ఉన్నదాని సంగతి వేరని ఆయనకి తెలియదు.

రెండో మోతాదు తర్వాత వాంతులు ఎక్కువయ్యాయట. మూడో ఆదివారం నాన్న రిక్షాలో తీసుకెళ్ళి తాగించుకొచ్చాడు. ఆ సాయంత్రానికి మనిషి మత్తులోకి జారిపోయింది. కాకినాడ తీసుకెళ్ళారు. నాకు కబురు అందేసరికి ఒకరోజు గడిచింది. బస్సు దిగి ఆసుపత్రికి పరిగెత్తితే అది నన్ను గుర్తుపట్టలేదు. నేను పిలుస్తూనే ఉన్నాను. బిడ్డా దక్కలేదు, తల్లీ దక్కలేదు.

డాక్టరు గారు పెద్దావిడ. నన్నూ నాన్ననీ పక్కకి పిలిచి కూర్చోబెట్టింది. "నెలలు నిండుతున్నప్పుడు కామెర్లొస్తే ఒక్కోసారి ఇలాగే అవుతుందమ్మా. ముందే తెచ్చుంటే బతికేదా అంటే, బతికేదనీ చెప్పలేను, బతకదనీ చెప్పలేను" అంది. ఆవిడ నిజాయితీగానే చెప్పింది. బతికేదని చెప్పి ఉంటే నాన్న తల బాదుకునేవాడు. బతకదని చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేవాడు. రెండూ కాకుండా చెబితే మనిషేం చెయ్యాలి? ఆయన కుర్చీలోంచి లేచి, ఆవిడకి నమస్కారం పెట్టి, గుమ్మం ఎటో తెలియక గోడ వైపు నడిచాడు.

నేను మాత్రం తీర్పు అక్కడే చెప్పేసుకున్నాను. చంపింది నాన్నే. పైకి అనలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊళ్ళోవాళ్ళు గుసగుసలాడుతుంటే వినీ విననట్టు ఊరుకున్నాను. అనేస్తే తేలిపోయేదేమో. అనని మాట కడుపులో పడి ముదిరిపోయింది. రాజమండ్రి తిరిగొచ్చాక ఇంటికి ఫోన్ చేస్తే అమ్మతోనే మాట్లాడేదాన్ని. ఆయన ఎత్తితే "అమ్మకివ్వు" అనేదాన్ని. "ఆఁ, ఇస్తున్నానమ్మా" అనేవాడు. అంత పెద్దమనిషి అంత చిన్నగా అనేవాడు.

ఆ ఏడు వరి ఊడ్పులప్పుడు నాన్న మోటారు షెడ్డు పక్కన గట్టు మీద ఒక రాయి పాతాడు. చిన్నప్పుడు చెల్లి అక్కడే కూర్చుని మోటారు నీళ్ళలో కాళ్ళాడించేది. ఉత్త రాయి, దానిమీద ఏమీ లేదు. ఊడ్పులకొచ్చిన ఆడవాళ్ళు ఏంటండీ ఇది అనడిగితే, "మా చిన్నమ్మాయి కూర్చునేది కదమ్మా, గుర్తుకి" అన్నాడట. వాళ్ళకి ఆ మాట చాలు. పసుపు కుంకాలతో పోయిన ఆడదాన్ని మా వైపు పేరంటాలంటారు. ఇంట్లో ఏ శుభకార్యం తలపెట్టినా ముందు ఆవిడకి చీర పెట్టాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు కొత్తబట్ట కట్టుకోవాలి. మర్నాటికి రాయికి పసుపు రాసుంది. మధ్యలో కుంకుమ బొట్టు.

దసరా సెలవులకి వెళ్ళినప్పుడు అది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంటి నాన్నా ఇది?"

"గుర్తుకి పెట్టానమ్మా."

"గుర్తుకి పసుపెందుకు?"

"నేను రాయలేదు. ఆడాళ్ళు రాశారు."

"మరి తుడిచెయ్యలేదేం?"

ఆయన రాయి వైపు చూశాడు. "ఎలా తుడవనమ్మా? దాని మొహంలా కనబడుతోంది" అన్నాడు. నేను ఇంటికి నడిచాను.

పై ఏడాదికి రాయి చుట్టూ సిమెంటు గూడు లేచింది. గూట్లో దీపం. రోజూ సాయంత్రం నాన్నే పెట్టేవాడు, ఎవరికీ అప్పగించేవాడు కాదు. జీవితంలో బీడీకీ గడ్డికుప్పకీ తప్ప అగ్గిపుల్ల గియ్యనివాడు, ఒత్తి ఎలా నలపాలో కూలీ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు. ఆ వేసవిలో ఇద్దరం పెద్దగా కీచులాడుకున్నాం. చెల్లి కల్లోకొచ్చి, నాకు నీడ లేదు నాన్నా అందట, అందుకని గూడు కట్టించాడట.

"కలలకి గూళ్ళు కడతారా? నువ్వేనా? రేపు పూజారిని కూడా పెడతావా? చెప్పేవి శ్రీరంగనీతులని నిన్నే అనాలి" అని అరిచాను. ఆఖరికి ఆయన మాటే ఆయన మీదకి విసిరాను. "చూసినవాణ్ణి తీసుకురా!"

నాన్న గట్టు మీద కూర్చునే ఉన్నాడు. కోప్పడలేదు. "నేనే చూశానమ్మా" అన్నాడు.

అమ్మ నన్ను సమర్థిస్తుందో ఆయన్ని సమర్థిస్తుందో చూద్దామని ఇంటికెళ్ళి అడిగాను. పూజలూ నోములూ ఆవిడవే కదా, సంబరపడిపోతుంటుందనుకున్నాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. "నేను ఆ గూటి దగ్గరికి వెళ్ళనే" అంది. "దేవుళ్ళకేం కరువు నాకు? ఇంటినిండా ఉన్నారు. కూతురే లేదు." అని మళ్ళీ బియ్యం ఏరుకోవడంలో పడింది. నేను ఆవిడ పక్కనే చతికిలబడి ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, నా ఒళ్ళో పడిన వడ్లగింజలు ఏరి తీసింది.

ఆ తర్వాత దేవత నాన్న చేతుల్లోంచి కూడా జారిపోయింది. ఎవరి గేదెకో జబ్బు తగ్గింది. ఎవరి కొడుక్కో జ్వరం దిగింది. తగ్గనివాళ్ళు మాట్లాడరు, తగ్గినవాళ్ళు కొబ్బరికాయ పట్టుకొస్తారు. ఊడ్పుల మొదటి నారుకట్ట గూటి ముందు పెట్టడం ఆనవాయితీ అయింది. చెల్లి పోయేముందు "శుక్రవారం వెళతాను" అని చెప్పిందని ఎవరో అన్నారు. అది మాట్లాడే స్థితిలో ఎక్కడుంది? పోయింది మంగళవారం. అయినా శుక్రవారమే నిలిచింది. అమ్మవారు కాబట్టి పసుపు చీరే కట్టాలన్నారు. నాన్న తనే ఉప్పాడ వెళ్ళి నేతగాళ్ళ ఇంట్లో కూర్చుని పసుపు చీర ఏరుకొచ్చాడు. నైవేద్యం పరమాన్నం. అది బతికుండగా ఒల్లనన్నవన్నీ చచ్చాక దానికి అంటగట్టారు. ఆ గూట్లో ఉన్నదెవరో నాకు తెలియదు, మా చెల్లి మాత్రం కాదు. దాని అల్లరీ, దాని తిట్లూ, దాని బజ్జీలూ అన్నీ ఆ పసుపు కింద పూడిపోతున్నాయి. ఒకసారి చనిపోయినదాన్ని మళ్ళీ చంపుతున్నారనిపించేది.

మా చేలో ఎప్పటినుంచో పనిచేసే ఒకామె ఉండేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని లూథరన్ చర్చికి వెళ్ళే మనిషి. శుక్రవారం ఆవిడ కూడా గూటి దగ్గర పువ్వు పెడుతుంటే చూశాను. నా నోరు ఊరుకోదుగా, అడిగేశాను. "ఏంటమ్మా, ఆదివారం అక్కడ, శుక్రవారం ఇక్కడా?"

"ఆయ్" అంది నవ్వుతూ. "ప్రభువు లోకమంతా చూసుకోవాలి కదండీ. ఈ చేను మట్టుకు అమ్మాయిగారు చూసుకుంటారండి." కొడవలి నడుముకి దోపుకుని వెళ్ళబోతూ ఆగింది. "నన్నెంతలా తిట్టేవారండీ బాబూ! ఇప్పుడు తిట్టేవాళ్ళే లేరండి" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఊరంతటిలో నా చెల్లి ఆవిడొక్కదానికే గుర్తుంది. ఆవిడతో పాటు గట్టు మీద కాసేపు నిలబడ్డాను.

ఒక ఏడాది తద్దినం నాడు అమ్మ పట్టుబడితే నేనూ వెళ్ళాను. గూటి చుట్టూ ఆడవాళ్ళు మూగారు. పక్కవీధిలో ఉండే మాకు వరసైన ఒకావిడ ఉన్నట్టుండి ఊగడం మొదలుపెట్టింది. జుట్టు ముడి ఊడిపోయింది. "నేనొచ్చాను నాన్నా" అంది. పూనకం, పేరంటాలమ్మ వచ్చిందని అందరూ చేతులు జోడించారు. నాన్న అదాటున లేచాడు. ఎన్నో ఏళ్ళుగా దానికోసమే కూర్చున్నట్టు లేచాడు.

ఆవిడ ముందుకెళ్ళి నిలబడి, "మూడో ఆదివారం రిక్షాలో వెళుతూ నువ్వు నన్నొకటి అడిగావు. ఏమడిగావమ్మా?" అన్నాడు.

ఆవిడ ఊగుతూనే ఉంది. "అంతా చల్లగా ఉండాలని అడిగాను నాన్నా" అంది.

నాన్న ముఖంలో వెలుగు పోయింది. "కాదమ్మా. నువ్వు కాదు" అన్నాడు మెల్లగా. ఎవరినీ కసురుకోలేదు. ఆవిడకి మంచినీళ్ళిప్పించి, చీరపెట్టి మర్యాదగా ఇంటికి పంపించాడు. దేవతని కూడా సాక్ష్యం అడిగే బుద్ధి ఆయనలో ఇంకా చావలేదు. గూడు కట్టినా, దీపం పెట్టినా, ఎవరేం చెబితే అది మింగేసే మనిషి కాలేకపోయాడు పాపం.

అందరూ వెళ్ళాక నేనే అడిగాను. "ఏమడిగింది నాన్నా అది?"

గట్టు మీద కూర్చుని చెప్పాడు. "నాన్నా, ఒకసారి డాక్టరుకి చూపించుకుందామా అంది. ఈ ఒక్క మోతాదూ కానీ తల్లీ, ఆ తర్వాత వెళదాం అన్నాను. సరే అంది." ఆయన అరచేతులు రెండూ చూసుకుంటున్నాడు. "ఆ సరే కోపంతో అందో, నామీద నమ్మకంతో అందో నాకు తెలియలేదమ్మా. నేను రోడ్డు వంక చూస్తున్నాను. దాని మొహం చూళ్ళేదు. అదొక్కటీ చెబితే చాలు నాకు."

ఆయన్ని దగ్గరికి తీసుకోవలసిన సమయం అది. నాకేమో ఒళ్ళంతా భగ్గుమంది. డాక్టరు దగ్గరికి వెళదామని అది నోరు తెరిచి అడిగిందా! అడిగినా తీసుకెళ్ళలేదా! చెప్పులేసుకుని సామర్లకోట వచ్చి రైలెక్కేశాను. కిటికీలోంచి చేలు పోతుంటే ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

ఆదిమానవుడు చచ్చిపోయినవాళ్ళ పక్కన పూసలూ పనిముట్లూ పెట్టి పూడ్చాడని పుస్తకాల్లో ఉంటుంది. చావు తర్వాత ఇంకో బతుకుందన్న నమ్మకానికి అది గుర్తట. కావచ్చు. నాన్నని చూశాక నాకు ఇంకో అనుమానం పట్టుకుంది. ఆ గొయ్యి తవ్వినవాడు పోయినవాళ్ళనేదో అడగవలసి ఉండి, అడిగే వ్యవధి లేకపోయిందేమో. చచ్చిపోయిన మనిషి ఎలాగూ బదులు చెప్పదు. దేవతైతే ఎప్పటికైనా చెబుతుందన్న ఆశ ఉంటుంది. మా నాన్న దేవతని చేసుకున్నది వానలకోసమూ పంటలకోసమూ కాదు, ఒక 'సరే'కి అర్థం చెప్పించుకోవడానికి. ఇది నాకు తట్టాక కూడా నా కోపం తగ్గలేదు. తెలుసుకోవడం వేరు, తగ్గడం వేరు.

ఆయన గుండె జబ్బుతో మంచాన పడేసరికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. వేసవి సెలవులకి నేను వెళ్ళి ఉన్నాను. చేతులు వణుకుతుండేవి, గట్టుదాకా నడవలేకపోయేవాడు. దీపం పెట్టే పని చర్చికి వెళ్ళే ఆవిడకి అప్పగించాడు.

ఒక మధ్యాహ్నం అమ్మ లోపల కునుకు తీస్తోంది. నాన్న వసారాలో మంచం మీద దిండుకానుకుని ఉన్నాడు. నేను పక్కన స్టూలు వేసుకుని రాగిజావ తాగిస్తున్నాను. రెండు చెంచాలు తాగి, చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమ్మా, దానికి నామీద కోపమంటావా?"

చచ్చిపోయినవాళ్ళకి కోపాలుండవు నాన్నా అనాలి నేను. అదే నిజం. ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పింది కూడా అదే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన కళ్ళలోకి చూశాను. ఆ నిజం ఆయనకి ఎందుకూ పనికిరాదు.

"లేదు నాన్నా. నమ్మకంతోనే సరే అంది" అన్నాను.

"నీకెలా తెలుసు?"

"నాకు చెప్పింది. మొన్న కల్లోకొచ్చింది. నాకేం కోపం లేదే అక్కా, నాన్న నా మంచికే కదా చేశాడు, ఆయనతో చెప్పవే అంది."

ఎక్కడినుంచి వచ్చాయో ఆ మాటలు, గలగలా వచ్చేశాయి. నా గొంతు కూడా కాస్త దాని గొంతులాగే పలికింది. ఊగలేదు గానీ, ఆ పక్కవీధి ఆవిడ చేసిన పనే నేనూ చేశాను. ఆవిడని అడిగినట్టే నన్నూ ఏదో ఒకటి అడిగి పట్టుకుంటాడనుకున్నాను. అడగలేదు. ఊపిరి పొడుగ్గా వదిలి, తల ఊపాడు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల వైపు జారాయి. కొంగుతో తుడిచాను. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన మొహం మీద నా చెయ్యి పడింది.

కళ్ళు మూసుకుని, తెరవకుండానే అన్నాడు.

"మరి నీదో?"

"నాదేంటి?"

"నీ కోపం."

ఆయనకి తెలుసు. నేను ఫోన్‌లో అమ్మకివ్వు అన్న మొదటిరోజు నుంచీ తెలుసు. చచ్చిపోయినదాని తరఫున అన్ని మాటలు అల్లి చెప్పినదాన్ని, నా తరఫున ఒక్క ముక్క పెగల్లేదు. నా కోపం పోయింది నాన్నా అంటే సరిపోయేది. అబద్ధమైనా సరిపోయేది. అంతకుముందే ఒక అబద్ధం ఆడానుగా! జావలో చెంచా తిప్పుతూ కూర్చున్నాను.

ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. "పోన్లేమ్మా. జావ చల్లారిపోతోంది, పెట్టెయ్" అని నోరు తెరిచాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా పెట్టాను.

ఆ వారమే పరీక్ష పేపర్లు దిద్దడానికి నేను రాజమండ్రి వచ్చేయవలసి వచ్చింది. దిద్దుతుండగానే ఫోనొచ్చింది. నేను వెళ్ళేసరికి నాన్నని వసారాలోనే చాప మీద పడుకోబెట్టారు. అప్పుడు నాకు మాటలొచ్చాయి. ఆయన చెవి దగ్గర వంగి ఎన్ని చెప్పానో నాకే తెలియదు. వెనకనుంచి ఎవరో నన్ను లేవదీశారు.

గూట్లో దీపం ఇప్పుడు అమ్మ పెడుతోంది. ఇన్నేళ్ళూ ఆ వైపు తొంగిచూడనిది రోజూ సాయంత్రం నూనె సీసా పట్టుకుని గట్టుదాకా నడుస్తోంది. పేరంటాల కోసం కాదట. ఆయన పెట్టేవాడు కాబట్టి పెడుతున్నానంటుంది. నేను వాదించడం మానేశాను.

నేను దేవుణ్ణి నమ్మను. మా ఇంట్లో దేవుడి గూడు లేదు, పటం కూడా లేదు. కానీ ఒక్కోరోజు వంటింట్లో వంకాయలు తరుగుతూ తరుగుతూ, "పోయింది నాన్నా. ఎప్పుడో పోయింది. నీకు చెప్పలేదంతే" అని పైకే అనేస్తాను. అని, కత్తిపీట మీద చెయ్యి ఆపి చెవులు రిక్కిస్తాను. మా ఆయన హాల్లోంచి "ఎవరితో మాట్లాడుతున్నావు?" అంటాడు. "ఎవరితోనూ కాదండీ" అని చెప్పి, ఇంకాసేపు అలాగే కూర్చుంటాను.